చెట్టెక్కే చేప కోసం విశాఖ చుట్టూ నాలుగు రోజులు

ఏటా ఒకసారి నేను బోర్డు మీద ఒక చేప బొమ్మ గీస్తాను. ముందు కాళ్ళలాంటి రెండు రెక్కలు, వెనక ఇంకో రెండు, కప్పకున్నట్టు నెత్తిమీద కళ్ళు, పక్కన ఒక చెట్టు. "ఇది మడ్‌స్కిప్పర్. నీళ్ళ బయట తిరిగే చేప. చెట్లు కూడా ఎక్కుతుంది" అని చెప్పి, ఒక నాలుగు మార్కుల ప్రశ్న రాయించి, తర్వాతి పాఠంలోకి వెళ్ళిపోతాను. హైదరాబాదులో పదహారేళ్ళ సర్వీసు ఇలాగే గడిచింది. నిరుడు వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "టీచర్, మీది వైజాగే కదా, మీరు చూశారా?" అన్నాడు.

"ఓ, చాలాసార్లు!" అన్నాను.

ఒక్కసారి కూడా చూడలేదు. పెదవాల్తేరులో పుట్టి, పెళ్ళయ్యేదాకా సముద్రం చప్పుడు వింటూ నిద్రపోయినదాన్ని. కానీ మాకు సముద్రమంటే ఇసుక, అలలు, మురీ మిక్చరు. బురద వైపు ఎవరు వెళ్తారు? ఆ అబద్ధం ఏడాదంతా గొంతులో ముల్లులా గుచ్చుతూనే ఉంది. అందుకే ఈసారి సంక్రాంతికి ఇంటికి వెళ్ళకుండా సెలవులు దాచుకుని, చొల్లంగి అమావాస్యకి విశాఖ రైలెక్కాను.

"పండక్కి రాని పిల్ల అమావాస్యకి వచ్చిందేంటమ్మా!" అని మా అమ్మ దెప్పింది. కారణం చెప్పాక ఇంకా ఎక్కువ దెప్పింది.

మొదటి రోజు: పోర్టు రోడ్డు

అమావాస్య ఎందుకంటే, ఆ రోజుల్లో పోటు పెద్దది, దానికి తగ్గట్టే పాటు వేళ నీరు బాగా లోపలికి తీసేస్తుంది. పున్నమికీ అంతే. విశాఖ తీరంలో అమావాస్య నాడు ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య పోటు నిండుగా ఉంటుంది, మధ్యాహ్నం మూడు ఆ ప్రాంతంలో పాటు. రోజురోజుకీ ముప్పావు గంట, గంట వెనక్కి జరుగుతుంది. పోటుకీ పాటుకీ మధ్య తేడా నిలువునా చూస్తే సుమారు మీటరున్నరే. చదునైన బురద నేల మీద మాత్రం ఆ మీటరున్నర వందల అడుగుల మేర నేలని బయటపెడుతుంది. మనక్కావలసిన చేప కాపురం సరిగ్గా ఆ మధ్య జాగాలోనే.

మా తమ్ముడి స్కూటరు మీద కాన్వెంటు జంక్షన్ నుంచి షీలానగర్ వెళ్ళే పోర్టు రోడ్డు పట్టాం. లారీల మధ్య, బొగ్గు దుమ్ములో, ముక్కుకి చున్నీ కట్టుకుని. ఊళ్ళో ఎవరినైనా విశాఖలో మడ అడవి ఎక్కడుందని అడిగితే కోరంగి వెళ్ళమంటారు. కోరంగి కాకినాడ దగ్గరుంది. ఇక్కడేమో ఈ రోడ్డు పక్కనే, మేఘాద్రి గెడ్డ హార్బరులో కలిసే చోట, పచ్చగా, నడుం ఎత్తున, కొన్ని చోట్ల రెండు నిలువుల ఎత్తున మడ చెట్లు ఉన్నాయి. ఇన్ని సంవత్సరాలు ఎయిర్‌పోర్టుకి పోతూ వస్తూ కారు అద్దంలోంచి చూసి తుప్పలనుకున్నాను.

నిజానికి ఈ హార్బరు మొత్తం ఒకప్పుడు ఇలాంటి నేలే. ఉప్పుటేరు, చిత్తడి, మడ. దాన్ని తవ్వి లోతు చేసి లోపలి రేవు కట్టారు. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ లోపలికి రావడంతో రేవు మొదలైంది. అంటే మనం పోర్టు అని గర్వంగా చెప్పుకునేది ఈ చేపల పాత ఊరు. మిగిలింది ఈ రోడ్డు పక్క ముక్కలు.

ఒక కల్వర్టు దగ్గర స్కూటరు ఆపి పిట్టగోడ మీంచి వంగి చూశాం. నీరు తీసేసింది. నల్లటి బురద, దాంట్లోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు వేలకొద్దీ మడ చెట్ల శ్వాస వేర్లు. బురదలో గాలి ఆడదు కాబట్టి వేళ్ళే పైకి వచ్చి గాలి పీలుస్తాయని నేను పాఠంలో చెబుతాను. వాటి మధ్య పాలిథిన్ కవర్లు, ఒక చెప్పు, వినాయకుడి తాలూకు ఒక చెయ్యి. అందుబాటులో ఉన్న కొమ్మ లాగి ఆకు వెనక్కి తిప్పి నాలుకతో అద్దుకుని చూశాను. ఉప్పు. ఒక మోస్తరు ఉప్పు కాదు, ఊరగాయ ఉప్పు. మడ చెట్టు తాగిన ఉప్పుని ఆకుల్లోంచి బయటికి కక్కేస్తుంది.

"అక్కా, ఆ గెడ్డ నీళ్ళల్లో ఏమేం కలుస్తాయో తెలుసా నీకు?" అన్నాడు తమ్ముడు. అప్పటికే నాకేశాను.

ముందు కనబడ్డవి పీతలు. గోరంత పీతలు, మగవాటికి ఒక డెక్క మాత్రం ఒంటికి మించినంత పెద్దది. దాన్ని పైకెత్తి దించుతూ ఎవరినో పిలుస్తున్నట్టు. తర్వాత ఒక కొంగ. కొంగ అడుగు తీసి అడుగు వేసినప్పుడు దాని ముందు బురద మీద ఏదో టప్పుమని ఎగిరి పడింది. బురద రంగులోనే ఉంది. కప్పా, చేపా? ఇంకోసారి టప్పుమంది, ఒక కన్నంలోకి దూరిపోయింది. అంతే. కళ్ళు చిట్లించి చూస్తూండగా వెనక నుంచి ఈల. ఒక సెక్యూరిటీ అతను చెయ్యి ఊపుతూ వస్తున్నాడు. ఈ గెడ్డ పొడుగునా పోర్టు వాళ్ళవో, నేవీ వాళ్ళవో, ఎయిర్‌పోర్టు వాళ్ళవో స్థలాలు. కెమెరా పట్టుకుని కల్వర్టు మీద నిలబడిన ఆడమనిషిని ఎవరైనా అనుమానిస్తారు.

"ఏటి ఫోటోలు తీత్తన్నారు?"

"చేపలండీ."

అతను బురద వైపు చూశాడు, నా వైపు చూశాడు. "సేపలు కావాలంటే ఫిషింగు హార్బరుకి ఎల్లండమ్మా" అన్నాడు, పాపం మర్యాదగానే.

రెండో రోజు: భీమిలి

తమ్ముడికి మధ్యాహ్నం డ్యూటీ. కాబట్టి పొద్దున్నే వెళ్ళొచ్చేద్దామన్నాడు, నేను సరేనన్నాను. నిన్నంతా పోటు, పాటు లెక్కలు వాడికి నేర్పినదాన్ని, తెల్లారేసరికి ఆ లెక్క నేనే మరిచిపోయాను. ఋషికొండ, ఎర్రమట్టి దిబ్బలు దాటి భీమిలి చేరేసరికి తొమ్మిదిన్నర. గోస్తనీ మొగ నిండా నీళ్ళు. బొర్రా గుహల వైపు కొండల్లో పుట్టి, తాటిపూడి దగ్గర ఆనకట్ట దాటి ఇంత దూరం వచ్చిన ఏరు, సముద్రం లోపలికి తోసుకొస్తూంటే ఎటూ కదలకుండా ఉబ్బి నిలబడింది. బురద అన్నదే లేదు.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన మమ్మల్ని చాలాసేపు చూసి, ఉండబట్టలేక అడిగాడు.

"ఏటమ్మా, ఎవులికోసం సూత్తన్నారు?"

చెప్పాను. బురద మీద గెంతే చేప, కళ్ళు నెత్తిమీద ఉంటాయి, ఇంత ఉంటుంది అని వేలు చూపించాను.

"అదా! నీరు తీసీనాక రావాల. ఇప్పుడేటి అగుపడతాది, నా తలకాయ్?" అని నవ్వాడు. "మూడు దాటినాక రాండి, సూపిత్తాను."

తమ్ముడు డ్యూటీకి వెళ్ళిపోయాడు. నేను ఉండిపోయాను. మధ్యలో ఐదు గంటలు. డచ్చి వాళ్ళ సమాధులు చూశాను. ఇడ్లీ తిన్నాను. లైట్‌హౌస్ దగ్గర నీడలో కూచున్నాను. సమాధుల దగ్గర ఒక మాట గుర్తొచ్చింది: మన తీరంలో దొరికే నీలి చుక్కల మడ్‌స్కిప్పర్‌కి శాస్త్రంలో బొడ్డార్టి అన్న పేరు ఒక డచ్చి డాక్టరు మీదుగానే వచ్చింది. బొడ్డార్ట్ అని ఆయన. 1770లో పల్లాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఆ చేపకి ఆ పేరు పెట్టాడు. డచ్చి వాళ్ళు మిరియాలకీ బట్టలకీ వచ్చారనుకుంటాం, బురద చేప మీద కూడా ఒక పేరు వదిలి వెళ్ళారు.

మూడున్నరకి తాత నన్ను మొగకి ఎగువన, ఏటి పక్క పాయ దగ్గరికి తీసుకెళ్ళాడు. పొద్దున్న నీళ్ళున్న చోట ఇప్పుడు మెరిసే బురద. "సెప్పులు ఇప్పీయమ్మా" అన్నాడు. విన్నానా? గాజు పెంకులుంటాయేమోనని చెప్పులతోనే దిగాను. నాలుగో అడుగుకి కుడి కాలు మోకాలి దాకా దిగింది, కాలు లాగితే కాలు ఒక్కటే వచ్చింది. చెప్పు గోస్తనికి సమర్పయామి. తాత మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాడు గానీ, ఆ బురద మింగినది తిరిగి ఇవ్వదు.

"ఇంక కదలకుండా కూకో" అన్నాడు. "మనం కదిల్తే అవి కన్నాల్లోంచి రావు."

కూచున్నాను. పది నిమిషాలు ఏమీ లేదు. తర్వాత నాకు రెండు బారల దూరంలో, ఒక చిన్న నీటి గుంట అంచున రెండు బుడిపెలు లేచాయి. కళ్ళు. ముందు కళ్ళే బయటికి వచ్చాయి, చేప ఇంకా నీళ్ళలోనే ఉంది. ఆ కళ్ళు ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు అటూ ఇటూ తిరిగి చూశాయి. ఆ తర్వాత మిగతా ఒళ్ళు బయటికి వచ్చింది. నా చూపుడు వేలంత. గోధుమ రంగు, మీద మట్టి మరకల్లాంటి చారలు.

అది నడిచింది. నేను పదహారేళ్ళుగా గీస్తున్న బొమ్మ తప్పని అప్పుడు తెలిసింది. దానికి నాలుగు కాళ్ళు లేవు. బల్లిలా ఒక కాలు ముందు, ఒక కాలు వెనక వెయ్యదు. ముందున్న రెండు రెక్కల్నీ ఒకేసారి ముందుకి చాపి, బురదలో ఊని, ఒంటిని వాటి మీదకి లాగేసుకుంటుంది. కాలు విరిగినవాడు రెండు చంకకర్రలతో నడిచినట్టు. అడుగు పడ్డప్పుడల్లా ఒళ్ళు ముందుకి ఊగి పొట్ట మీద వాలుతుంది. అది వెళ్ళాక బురద మీద గుర్తులు చూస్తే ఇటొక చుక్క, అటొక చుక్క, జంటలు జంటలుగా, మధ్యలో ఒళ్ళు ఈడ్చిన సన్నటి గీత. అత్తయ్య వేసే చుక్కల ముగ్గులా ఉంది. వెనక నేను గీసే రెండో జత కాళ్ళు అసలు కాళ్ళే కావు. పొట్ట కింది రెక్కలు దగ్గరగా చేరి, అంటుకునే పట్టులా ఉంటాయి. వేరు మీదో రాయి మీదో జారకుండా పట్టుకోవడానికి పనికొస్తాయి. ఇది దొందుల జాతిది. మనం ఏట్లో చూసే ఇసుక దొందుకి దూరపు చుట్టం.

రెప్ప వేసింది కూడా. చేపకి రెప్పలుండవని ఆరో తరగతిలోనే చెబుతాం కదా. దీనికీ రెప్పలు లేవు. కంటినే లోపలికి లాక్కుంటుంది. పైకి పొడుచుకొచ్చిన కన్ను ఒక్కసారిగా కింద ఉన్న గుంటలోకి దిగి, తడిసి, మళ్ళీ లేచి వస్తుంది. రెండూ ఒకేసారి కూడా, ఒక్కొక్కటీ కూడా. ఒక కన్ను మాత్రమే దిగినప్పుడు ఎవరో కన్నుగీటినట్టు ఉంటుంది. కాసేపయ్యాక గుంటలో ఒక పక్కకి ఒత్తిగిల్లి దొర్లింది, మళ్ళీ రెండో పక్క. ఒళ్ళు తడుపుకోవడమే. దాని ఊపిరి అంతా ఆ తడిలో ఉంది. మొప్పల గదుల్లో కాస్త నీళ్ళు పట్టుకుని తిరుగుతుంది, దాంతోపాటు చర్మంలోంచీ, నోటి లోపలి పొరలోంచీ గాలి తీసుకుంటుంది. ఒళ్ళు ఎండితే ఊపిరి ఎండినట్టే.

అలా చూస్తూ ఉండగానే ఒక పీతపిల్ల దాని ముందు నుంచి పోయింది. ఏం జరిగిందో నాకు తెలీలేదు. తోక వంచిందీ, ఎగిరిందీ, పీతపిల్ల నోట్లో కాళ్ళు ఆడిస్తోంది. అన్నీ ఒక్కసారే.

"తాతా, దీన్ని మీరు ఏమంటారు?"

"దీన్నా?" తాత కాసేపు ఆలోచించాడు. "ఏటీ అనం."

"పేరు లేదా?"

"మనం తినం, అమ్మం. కొంగలు తింతాయి. అమ్మితే పేరుంటాది గానీ, ఊరికినే దేనికమ్మా పేరు?"

మూడో రోజు: ఇంట్లో

అరికాలు గీరుకుపోయింది, గవ్వ పెంకో ఏదో. అమ్మ పసుపు రాసి, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని, బయటికి వెళ్తే ఒట్టు అంది. పోన్లే అని వసారాలో కూచుని ఫోనులో చదువుకున్నాను.

తాత మాట వదలడం లేదు. అమ్మితే పేరుంటుంది. పాట్రిక్ రస్సెల్ గుర్తొచ్చాడు. రక్తపింజరకి ఇంగ్లీషులో ఆయన పేరే ఉంది కదా, ఆ రస్సెల్. ఆయన విశాఖలో ఉన్నాడని చాలామందికి తెలీదు. కంపెనీ కొలువులో ఉన్న అన్నదమ్ముడి వెంట 1780ల మొదట్లో వచ్చాడు, కొన్నేళ్ళు ఇక్కడే ఉండి పాములూ చేపలూ పోగుచేశాడు. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, బొమ్మలు ఆయన పుస్తకంగా 1803లో లండన్‌లో అచ్చయ్యాయి. దాంట్లో నాకు నచ్చినదేమంటే, ఆయన చేపలకి ఇక్కడివాళ్ళు పిలిచే పేర్లనే రాసుకున్నాడు. మన తెలుగు పేర్లు, ఆ దొర చెవికి ఎలా వినబడితే అలా. రక్తపింజరకి కూడా కాటుకరేకుల పొడ అని రాశాడు. రెండు వందల ముప్పై నలభై ఏళ్ళ కిందట ఈ ఒడ్డున ఎవరో జాలారి తాత ఒకాయన, దొరగారు వేలు చూపిస్తే పేరు చెబుతూ నిలబడి ఉంటాడు. ఆ దృశ్యం తలుచుకుంటే నవ్వొచ్చింది. నిన్న నేను చేసిందీ అదే, కాకపోతే నాకు దొరికిన జవాబు వేరు.

అన్ని చోట్లా ఇలా కాదు. జపాన్‌లో అరియాకె సముద్రం అని ఒక అఖాతం ఉంది, పాటు వేళ మైళ్ళకొద్దీ బురద బయటపడుతుంది. అక్కడ ఈ నీలి చుక్కల జాతి చుట్టాన్ని పొడవాటి గాలపు కర్రతో, ఎర లేకుండా, దూరం నుంచి కొక్కెం విసిరి తగిలిస్తారు. కాల్చుకుని తింటారు. అక్కడ దానికి పేరుంది, పాటుంది, బొమ్మలున్నాయి. మనకి వంజరం, చందువ, పులస ఉండగా వేలెడు బురద చేప ఎవరికి కావాలి అన్నది మా అమ్మ వాదన. కాదనలేను.

ఇంకో సంగతి కూడా సరిదిద్దుకోవాలి. ఈ చేప గురించి చెప్పేటప్పుడు, "ఇలాంటి చేపల నుంచే నేల మీద జంతువులు పుట్టాయి" అని ఒక వాక్యం నా నోట్లోంచి అలవాటుగా వచ్చేస్తుంది. తప్పు. నేల మీదకి వచ్చిన మన పూర్వీకులు కండ రెక్కల చేపల శాఖవి, ముప్పై ఆరు ముప్పై ఏడు కోట్ల ఏళ్ళ నాటి మాట. మడ్‌స్కిప్పర్ దొందుల వంశం, చాలా వెనక వచ్చింది. అది మన తాత కాదు. మన తాతలు చేసిన పనినే, తన దారిన తాను మళ్ళీ మొదటి నుంచి చేస్తున్న వేరే ఇంటి పిల్ల.

నాలుగో రోజు: శారద మొగ

అమ్మ ఒట్టు ఒక్క రోజుకే అని వాదించి బయటపడ్డాను. తమ్ముడికి వీక్లీ ఆఫ్. గాజువాక, అచ్యుతాపురం, రాంబిల్లి దాటుకుంటూ దక్షిణానికి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు గాజువాక దాటాక ఉన్న ఈ వైపంతా అనకాపల్లి జిల్లాలోకి పోయింది, కానీ మా అమ్మకి ఇప్పటికీ విశాఖ జిల్లాయే. శారద, వరాహ నదులు కలిసి సముద్రంలో పడే చోటు, బంగారమ్మపాలెం వైపు. ఈసారి లెక్క తప్పలేదు. పాటు ఐదింటికి. మేం మూడింటికే ఒడ్డున ఉన్నాం. చెప్పులు స్కూటరు దగ్గరే వదిలేశాను, పసుపు కట్టు మీద పాలిథిన్ కవరు చుట్టుకున్నాను.

ఇక్కడ బురద వేరు. భీమిలిలోలా ఇసుక కలిసింది కాదు. వెన్నలా మెత్తగా, మీద పలచగా ఒక ఆకుపచ్చ, బంగారు రంగు పొర. ఎండ పడితే ఆ పొర తళతళమంటుంది. కంటికి కనబడనంత చిన్న నాచు కణాలు, డయాటములు, కోట్ల కొద్దీ చేరి చేసిన పొర అది. ఒక భార్యాభర్తలు పీతల కోసం కన్నాల్లో ఇనప కొక్కెం పెట్టి లాగుతున్నారు. వాళ్ళని దూరం నుంచే పలకరించి, మడ చెట్ల నీడకి ఒక మొద్దు మీద కూచున్నాం.

నీరు తియ్యగా తియ్యగా అవి వచ్చాయి. ఒకటీ రెండూ కాదు. మా తమ్ముడు ముప్పై దాకా లెక్కపెట్టి విసిగి వదిలేశాడు. ఇవి మొన్నటి వేలెడు చేపలు కావు. జానెడుకి కాస్త తక్కువ, లావు తల, ఒంటి మీద నీలి చుక్కలు. బురదలో ఆ నీలం చూస్తే ఎవరో సిరా పెన్ను విదిలించినట్టు ఉంది. డచ్చి డాక్టరు పేరున్నవి ఇవే.

మొన్నటివి పీతల్ని వేటాడాయి. ఇవి పంచ మడిచి పొలంలో దిగిన రైతుల్లా ఉన్నాయి. తల బురదకి ఆనించి ఎడమకీ కుడికీ, ఎడమకీ కుడికీ ఊపుకుంటూ మెల్లగా ముందుకి పోతాయి. నోటితో ఆ బంగారు పొరని గీకేస్తూ. పోయిన మేరకి బురద మీద కొడవలి వేసినట్టు వంపు గీతలు మిగులుతాయి. నాలుగైదు వాయిలు గీకాక ఆగి, తల ఎత్తి, మళ్ళీ మొదలు. ఒకటి మా వైపు వచ్చేసింది. మా మొద్దుకి బారెడు దూరం. గీకుతున్నప్పుడు పైపెదవి బురదలో జరుగుతూండటం, నోటి అంచు వెంట మట్టి నీళ్ళు కారడం కనబడింది. చప్పుడు కూడా ఉంది. పిల్లాడు పాయసం జుర్రుకున్నట్టు.

పొలాలన్నాక గట్లూ ఉంటాయి, గట్ల తగాదాలూ ఉంటాయి. ఒక్కొక్క చేప కన్నం చుట్టూ రెండంగుళాల ఎత్తున బురద గట్టు. నోట్లో బురద పట్టి తెచ్చి పేర్చి కట్టినది. లోపల పాటు వేళ కూడా కాస్త నీరు నిలిచి ఉంది. ఒక చేప పక్కదాని గట్టు దాటింది. వెంటనే ఇంటి చేప వీపు మీది మొదటి రెక్కని తెరచాపలా లేపి, నోరు బార్లా తెరిచి ఎదురొచ్చింది. రెండూ ముఖాముఖి నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాయి. ఏదీ కరవలేదు. కాసేపటికి వచ్చినది వెనక్కి తగ్గి, తన హద్దులోకి పోయి, అక్కడ ఏమీ జరగనట్టు గీకడం మొదలుపెట్టింది.

"అచ్చం మన పెదనాన్నా వాళ్ళే" అన్నాడు తమ్ముడు.

మధ్య మధ్య ఉన్నట్టుండి ఒకటి తోక వంచి నిట్టనిలువుగా గాల్లోకి ఎగురుతుంది. నీలి చుక్కలన్నీ ఎండలో ఒక్క క్షణం కనబడి, చప్పుమని బురదలో పడుతుంది. నన్ను చూడండి అని చెప్పుకోవడమే అది, ఆడవాటికీ పక్కింటి మగవాటికీ. దాన్ని ఫోటో తీద్దామని గంటన్నర ప్రయత్నించాను. నా ఫోనులో ఇప్పుడు అరవై మూడు బురద ఫోటోలున్నాయి. చేప ఉన్నవి నాలుగు, అందులో తల ఉన్నది ఒకటి.

పీతలవాళ్ళు పని ముగించుకుని మా దగ్గరికి వచ్చారు. ఆమె గోనె దించి నా కాలి కట్టు చూసింది.

"టీచరమ్మా? ఈటిని సూడ్డానికి వైజాగు నుంచి వొచ్చీసేరా?"

ఈమెనీ అడిగాను, వీటి పేరేమిటని. ఆమె మొగుడి వైపు చూసింది. అతను నవ్వి ఊరుకున్నాడు. ఆమె మాత్రం, "కన్నాలు కలిపీత్తాయి ఇయ్యి. పీత కన్నమనుకొని కొక్కెం ఎడితే ఇది ఉంటాది. దొంగసచ్చినోడని తిడతాను" అంది. మొత్తానికి ఒక పేరైతే దొరికింది, రాసుకున్నాను.

కన్నాల సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి. ఈ బురదలో ఒక వేలు లోతు దాటితే ప్రాణవాయువు ఉండదు, అందుకే నల్లగా, కుళ్ళిన గుడ్డు వాసనతో ఉంటుంది. అలాంటి చోట కన్నం తవ్వి అందులో గుడ్లు పెడితే అవి ఎలా బతుకుతాయి? కొన్ని జాతుల మగ చేపలు కన్నం అడుగున పైకి తిరిగిన ఒక గది తవ్వుతాయి, కొక్కెం వంపులా. ఒడ్డుకి వచ్చి నోటి నిండా గాలి పట్టుకుని లోపలికి పోయి ఆ గదిలో వదులుతాయి. నీళ్ళ అడుగున, బురద లోపల, ఒక గాలి బుడగ ఉన్న గది. గుడ్లు ఆ గది కప్పుకి అంటించి ఉంటాయి, గాలిలో. జపాన్‌లో ఒక జాతిని గమనించినవాళ్ళు చూసిందేమంటే, పిల్లలు పొదిగి తయారయ్యాక రాత్రి పోటు వేళ తండ్రి ఆ గాలినంతా మళ్ళీ నోటితో బయటికి మోసుకొచ్చి పారేస్తాడు. నీళ్ళు గదిలోకి ఎక్కుతాయి, నీళ్ళు తగలగానే గుడ్లు పగిలి పిల్లలు ఈదుకుంటూ పోతాయి. గాలి మోసి తేవడం ఒక పని, అదే గాలిని తీసి పారేయడం ఇంకో పని. ఇది మన బొడ్డార్టి కన్నాల్లో నేను తవ్వి చూడలేదు, తవ్వే ఉద్దేశం కూడా లేదు.

ఐదున్నరకి నీరు తిరిగింది. ముందు పాయలో సన్నటి గీతలా, తర్వాత గట్ల మధ్య వేళ్ళు చాపుకుంటూ. చేపలు ఒక్కొక్కటే కన్నాలకి చేరుతున్నాయి. తొందరేమీ లేదు, సాయంత్రం పొలం నుంచి ఇంటికి పోతున్నట్టే. మాకు దగ్గర్లో ఉన్నది మాత్రం కన్నం అంచు దగ్గరే ఆగింది. రెండు బుగ్గలూ బెలూన్లలా ఉబ్బించింది. అలాగే లోపలికి దిగింది. కాసేపటికి పైకి వచ్చింది, బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి. బురద మోస్తుంటే బయటికి తెచ్చి ఉమ్మాలి కదా. ఇది బయటి నుంచి లోపలికి నింపుకుని పోతోంది. మళ్ళీ ఉబ్బించింది, దిగింది.

"అక్కా, చీకటి పడితే ఆ రోడ్డు మీద నడపలేను."

"ఒక్క నిమిషం."

నాలుగు. ఐదు. నీరు దాని గట్టు ఒరుసుకుంటోంది. గట్టు ఒక మూల తెగి లోపలికి జారింది, చేప పట్టించుకోలేదు. ఏడు. ఎనిమిది. మా మొద్దు కిందికి కూడా నీరు వచ్చేసింది, నా కాలికి కట్టిన కవరులో చల్లగా తగిలింది. తొమ్మిదోసారి పైకి వచ్చేసరికి కన్నం మీద అరచేతి లోతు నీళ్ళు. రెండు కళ్ళు మాత్రం నీటి పైకి లేచాయి, అటొకటి ఇటొకటి తిరిగాయి, ఒకటి గుంటలోకి దిగి మళ్ళీ లేచింది. తమ్ముడు స్కూటరు హారన్ కొడుతున్నాడు. బుగ్గలు ఉబ్బించి, మళ్ళీ దిగింది.